ఇరవై అయిదో రాడ్డు

ఇరవై మూడో రాడ్డు సగం దిగిందో లేదో, బోరు గుంతలోంచి ఎగజిమ్ముతున్న దుమ్ము రంగు మారింది.

అప్పటిదాకా బూడిద రంగులో పొడిపొడిగా లేచిన పలకరాయి పిండి ఉన్నట్టుండి నల్లబడింది. గాలికి ఎగిరి అందరి తలల మీదా పడాల్సింది, ఎగరకుండా గుంత చుట్టూనే కుప్పగా పడింది. కంప్రెసర్ మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడటం లేదు. అయినా చుట్టూ మూగిన పాతిక మంది పెదవుల మీద ఒకటే మాట కదలడం సునీతకు కనిపించింది. తడి.

బోరు లారీ ఏజెంటు ఆంజనేయులు వంగి, గుప్పెడు పిండి తీసి అరచేతిలో నొక్కాడు. ఉండ కట్టింది. దాన్ని తెచ్చి సునీత చేతిలో పెట్టి, చూశావా అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు.

సునీత ఆ ఉండను చూడలేదు. లారీ మీద వరసగా పేర్చి ఉన్న రాడ్లను చూసింది. ఒక్కో రాడ్డు ఇరవై అడుగులు. ఇరవై అయిదు దిగితే ఐదు వందల అడుగులు. అక్కడ ఆపాలి. ఆ హద్దుకు ఇంకా రెండే ఉన్నాయి.

తర్లుపాడు మండలంలోని ఆ ఊరికి సునీత కోడలిగా వచ్చి పద్నాలుగేళ్లయింది. ఆమె వచ్చేనాటికి మామ కాశయ్యకు మిగిలింది మూడెకరాలు. అంతకు ముందు ఏడు ఉండేవి. ఆ నాలుగూ ఏమయ్యాయని ఊళ్లో ఎవరిని అడిగినా చేత్తో నేలకేసి చూపిస్తారు. కాశయ్య ఆరు బోర్లు వేయించాడు. ఆరూ ఫెయిలయ్యాయి. ఒక్కో బోరూ పోతూ పోతూ కొంత పొలాన్ని వెంట తీసుకుపోయింది.

ఈసారి బోరు వేయిస్తున్నది కాశయ్య కాదు. డబ్బు సునీతది, ఆమె భర్త రాజేష్‌ది. నాలుగేళ్లు పాలు పోసి ఆమె కూడబెట్టింది కొంత. రెండు వేసవులు మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో దుమ్ము తాగి అతను తెచ్చింది కొంత. అంతా కలిపి రెండు లక్షల ఇరవై వేలు. నీళ్లు పడితే ఎకరంన్నర మిరప వేసుకోవచ్చని రాజేష్ ఆశ. కందీ సజ్జా వేసి వాన కోసం తల పైకెత్తి చూడటం అతనికి విసుగు పుట్టించింది. సునీతకూ ఆ ఆశ లేకపోలేదు. కానీ ఆమె ఒక షరతు పెట్టింది.

ఆ షరతు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటే ఆమె పుట్టింటి సంగతి చెప్పాలి. సునీత తండ్రి నాగేశ్వర్లుకు మార్కాపురంలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం ఉంది. పెళ్లికి ముందు నాలుగేళ్లు ఆమె ఆ దుకాణంలోనే రాగి తీగ చుట్టింది. కాలిపోయిన మోటారు తెచ్చినవాళ్లు ఊరికే కూర్చోరు, కథ చెప్తారు. మోటారు అమ్మేసుకుందామని వచ్చినవాళ్లయితే ఇంకా పెద్ద కథ చెప్తారు. దొనకొండ నుంచి వచ్చిన మనిషి చెప్పినా, గిద్దలూరు నుంచి వచ్చిన మనిషి చెప్పినా, కథలో ఒక చోటికి వచ్చేసరికి గొంతు తగ్గేది. తడి వచ్చింది, ఇంకొక్క రాడ్డు దించితే పడతాయనుకున్నాం, అనేవాళ్లు. ఆ ఒక్క రాడ్డు మాట పట్టుకుని ఐదు వందల అడుగులు అనుకున్నది తొమ్మిది వందలకు పోయేది. నాగేశ్వర్లు టీ తెప్పించేవాడు. సునీత తీగ చుడుతూ వినేది.

అందుకే బోరు లారీకి అడ్వాన్సు ఇవ్వడానికి ముందు రోజు సాయంత్రం, మామనూ మొగుణ్ణీ వసారాలో కూర్చోబెట్టి చెప్పింది. ఐదు వందల అడుగుల దాకా కేసింగ్ గొట్టంతో కలిపి ఎనభై వేలు అవుతుంది. అక్కడ నీళ్లు పడితే మిగిలిన లక్షా నలభైతో మోటారు, పైపులు, కేబులు వస్తాయి. ఐదు వందలు దాటితే అడుగు రేటు పెరుగుతుంది, పెద్ద మోటారు కావాలి, పైపులు ఎక్కువ కావాలి. అంటే నీళ్లు పడినా సరే, పొలం తాకట్టు పెట్టి పైకి తోడుకోవాలి. కాబట్టి ఇరవై అయిదో రాడ్డు దగ్గర ఆపాలి. పడకపోతే ఆ లక్షా నలభైతో పొట్టేలు పిల్లల్ని కొని మేపుకోవాలి. ఆపమని చెప్పే మాట మాత్రం తనదే.

రాజేష్ సరేనన్నాడు. కాశయ్య విన్నాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయటికి వెళ్లాడు.

బోరు ఎక్కడ వేయాలో పాయింటు పెట్టించడంలోనూ సునీత ఊళ్లోవాళ్లకు నచ్చని పనే చేసింది. ఇద్దరొచ్చారు. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నడిచినాయన పొలం తూర్పు మూలన కాయ నిలబడిందని, మూడు వందల యాభైకే గంగ ఎగదన్నుతుందని చెప్పాడు. మిషను తెచ్చిన కుర్ర జియాలజిస్టు దానికి పదిహేను అడుగుల దూరంలో మేకు కొట్టాడు. సునీత ఇద్దర్నీ ఒకే ప్రశ్న అడిగింది. మీరు పెట్టిన పాయింట్లలో ఎన్ని ఫెయిలయ్యాయి? కొబ్బరికాయ ఆయన ఒక్కటి కూడా కాలేదన్నాడు. కుర్రవాడు కాసేపు నసిగి, పదింటిలో నాలుగు పోతాయక్కా అన్నాడు. సునీత అతని మేకు దగ్గరే బోరు వేయించమంది.

పదింటిలో నాలుగు. ఆ లెక్క ఒప్పుకునే ఆమె ఈ రోజు ఇక్కడ నిలబడింది.

ఇరవై నాలుగో రాడ్డు దిగింది. పిండి కాస్తా బురదయింది. ఇరవై అయిదోది బిగించి దించేసరికి ఆ బురద వెంట సన్నగా నీళ్లు కూడా వచ్చాయి. చిటికెన వేలంత ధార. ఆ ధార కేసింగ్ అంచు మీంచి పొర్లి, నెర్రెలు విచ్చిన నేల మీద జానెడు దూరం పారి ఇంకిపోయింది. జనం ఇంకా దగ్గరికి జరిగారు. ఎవరో రాజేష్ వీపు తట్టారు.

ఇరవై అయిదో రాడ్డు అడుగంటా దిగింది. డ్రైవరు సునీత వైపు చూశాడు. ఆంజనేయులు కంప్రెసర్ తగ్గించమని సైగ చేసి, ఆమె దగ్గరికి వచ్చాడు.

"ఇదీ నువ్వు చెప్పిన లెక్క అక్కా. కానీ తడి చూసినావు గదా. ఇట్లాంటప్పుడు ఆపితే నాకే మనసొప్పదు. డబ్బుల సంగతి ఆలోచన చేయబాక. ఇంకో ఐదు రాడ్లు ఉద్దర కిందనే దించుతా. మిరప కోసినాంక ఇద్దువు."

ఆ మాట అతను చెడ్డబుద్ధితో అనలేదు. అదే చిక్కు. చెడ్డవాడైతే కాదనడం తేలిక.

పక్క పొలం బాలయ్య ముందుకు వచ్చాడు. కాశయ్యకు వరసకు తమ్ముడు, సునీతకు చిన్నమామ. ఊళ్లో ఎవరి బోరు దగ్గరైనా మొదట నిలబడేదీ, చివరగా కదిలేదీ ఆయనే.

"ఉద్దర ఎందుకబ్బా, నేనిస్తా. నా కోడలు గదా. దించండి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, పది మందీ ఆ మాటను పట్టుకుని దించండి దించండి అన్నారు.

రాజేష్ ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు. ముఖం నిండా పలకపిండి, అందులో కళ్లు రెండే తెల్లగా ఉన్నాయి.

"సునీతా, తడి వచ్చింది గదా" అన్నాడు.

సునీత నోట్లోకి మాట వచ్చేసింది. ఇంకొక్క రాడ్డు. నాలుక మీద దాని రుచి కూడా తెలిసింది. ఇరవై అడుగులు. ఎంతవుతుంది, మూడు వేలు? మూడు వేలకు చూసుకుని రెండు లక్షల పనిని నడిమధ్యలో వదిలేస్తారా? ఎంత చక్కగా ఉంది ఆ లెక్క. ఇరవై ఆరో రాడ్డు దగ్గరా అంతే చక్కగా ఉంటుంది. ముప్పయ్యో రాడ్డు దగ్గర ఇంకా చక్కగా ఉంటుంది, అప్పటికి పోసింది ఎక్కువ కాబట్టి. తండ్రి దుకాణంలో స్టూలు మీద కూర్చుని కథ చెప్పిన ప్రతి మనిషీ సరిగ్గా ఇక్కడ నిలబడ్డవాడే. వాళ్లెవరూ తెలివితక్కువ వాళ్లు కారు.

కింద నీళ్లున్నాయో లేదో ఆమెకు తెలియదు. బాలయ్యకు తెలియదు. ఆంజనేయులుకు తెలియదు. తెలియదన్న సంగతి ఆ సాయంత్రం వసారాలో ఎంత నిజమో, ఇప్పుడూ అంతే నిజం. మారిందల్లా ఆశ ఒక్కటే.

"ఆపన్నా" అంది.

ఆంజనేయులు విననట్టు నిలబడ్డాడు. సునీత డ్రైవరు వైపు తిరిగి, రెండు చేతులూ తల మీదికెత్తి అడ్డంగా పెట్టింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు.

పొద్దుటి నుంచి చెవులు గింగురుమనిపించిన మోత ఒక్కసారిగా పోయేసరికి, చేనవతల మేకల మెడలో గంట కూడా వినపడింది. జనం ఆమెను చూస్తున్నారు. కొందరు జాలిగా, కొందరు కోపంగా. బాలయ్య చుట్టూ చూశాడు. దూరంగా గట్టు మీద కూర్చున్న కాశయ్య కనపడ్డాడు. ఆయన ఎప్పుడొచ్చాడో ఎవరూ గమనించలేదు.

"అన్నా, నువ్వన్నా చెప్పు. నీకు తెలిసినట్టు బోరు సంగతి ఈ ఊళ్లో ఎవరికి తెలుసు?"

అందరూ కాశయ్య వైపు తిరిగారు. ఆరు బోర్లు వేయించిన మనిషి. తడి చూస్తే నిలవలేని మనిషి. మామ దించమంటే రాజేష్ కాదనలేడు. రాజేష్ కాదనలేకపోతే తన మాట అక్కడితో సరి.

కాశయ్య లేచి, నెమ్మదిగా నడిచి వచ్చి, గుంతలోకి వంగి చూశాడు. బురదను వేలితో తాకాడు.

"ఆపే మాట ఎవరిదని అనుకున్నాం?" అని కొడుకును అడిగాడు.

"సునీతదే నాయనా."

"మరి నన్నెందుకు అడుగుతారు?"

అంతే. తువ్వాలుకు వేలు తుడుచుకుని వెళ్లిపోయాడు. ఆ గొంతులో ఏముందో సునీతకు అంతుపట్టలేదు.

రాడ్లు ఒక్కొక్కటే పైకి లాగారు. మర్నాడు పొద్దున చూస్తే, ఊరిన నీళ్లు బిందెడు కూడా లేవు. మోటారుకు చాలవని ఆంజనేయులే తేల్చేశాడు. సునీత గుంతకు మూత వేయించి, అనుకున్నట్టే ఆ వారంలో ఇరవై రెండు పొట్టేలు పిల్లల్ని కొనిపించింది.

ఆ తర్వాత ఎనిమిది రోజులు కాశయ్య కోడలితో సరిగ్గా మాట్లాడలేదు. పెట్టింది తిన్నాడు, పొట్టేలు పిల్లల్ని తోలుకుని మేతకు పోయాడు, వచ్చి పడుకున్నాడు. ఆయనకు కోపం వచ్చిందని రాజేష్ అన్నాడు. సునీత కూడా అదే అనుకుంది.

తొమ్మిదో రోజు అదే లారీ మళ్లీ ఊళ్లోకి వచ్చింది. ఈసారి బాలయ్య పొలంలోకి. సునీత బోరులో వచ్చిన తడి ఆయన్ను నిద్రపోనివ్వలేదు. గట్టుకు అవతల, నలభై అడుగుల దూరంలో పాయింటు పెట్టించాడు. సొసైటీలో అప్పు తీసుకున్నాడు. తను ఎక్కడా ఆపేది లేదని ముందే అందరికీ చెప్పాడు.

మధ్యాహ్నం రెండింటికి ఊరంతా వినపడేట్టు కేకలు లేచాయి.

రాజేష్ పరుగున వెళ్లి, అరగంటలో తిరిగి వచ్చాడు. అన్నం పెట్టబోతే వద్దన్నాడు. స్తంభానికి ఆనుకుని కూర్చుని, "ఇరవై ఎనిమిదో రాడ్డు. రెండున్నర ఇంచీల నీళ్లు" అన్నాడు.

సునీత చేతిలోని గిన్నె కింద పెట్టింది. మూడు రాడ్లు. అరవై అడుగులు. దాచుకోవడం ఎందుకు, ఆ క్షణాన ఆమెకు ఏడుపొచ్చింది. ముఖం కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, బాలయ్య పొలానికి వెళ్లింది. వెళ్లకపోతే రేపటి నుంచి ఆ దారిన తల వంచుకుని నడవాల్సి వస్తుందని ఆమెకు తెలుసు.

నీళ్లు మనిషి ఎత్తున ఎగజిమ్మి పడుతున్నాయి. పిల్లలు తడుస్తున్నారు. బాలయ్య లుంగీ పైకి కట్టి, తలకు పసుపు కుంకాల టెంకాయ నీళ్లు రాసుకుని, పెళ్లికొడుకులా ఉన్నాడు. సునీత నేరుగా వెళ్లి ధార కింద చెయ్యి పెట్టింది. చల్లగా, జోరుగా తగిలాయి.

"మంచిగా పడినాయి చిన్నమామా" అంది. మనసారా అంది. నీళ్లు ఎవరి పొలంలో పడినా నీళ్లే.

"మూడు రాడ్లు కోడలా" అన్నాడు బాలయ్య, మూడు వేళ్లు చూపించి. "మూడంటే మూడు. ఆ పొద్దు నా మాట విని ఉంటే ఈ టెంకాయ మీ చేలో కొట్టేవాళ్లం."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సునీత చెయ్యి విదిలించి తుడుచుకుంది.

"ఆ మూడు రాడ్ల కింద నీళ్లున్నాయని ఆ పొద్దు నీకు తెలుసునా మామా?"

"నాకెట్ల తెలుస్తది? నేనేమన్నా లోపలికి దిగి చూసినానా?"

"నేను గూడా చూడలేదు" అంది సునీత.

బాలయ్య మళ్లీ నవ్వబోయి, ఎందుకో నవ్వలేదు. ఆంజనేయులు రాడ్డు తుడుస్తూ, నలభై అడుగుల తేడాలో నీళ్లు ఉండనూ వచ్చు, లేకపోనూ వచ్చు అని ఎవరికీ కాకుండా గొణిగాడు. ఎవరూ పట్టించుకోలేదు.

ఇంటికి వస్తూ దారంతా సునీత తనను తాను నిలదీసుకుంది. ఆ రోజు మళ్లీ వస్తే, అదే బురద, అదే ధార, అదే డబ్బు, కింద ఏముందో తెలియకుండా నిలబడితే ఏం చేస్తావు? ఎన్నిసార్లు అడిగినా ఒకే జవాబు వచ్చింది. గడప దగ్గరికి వచ్చేసరికి మనసు తేలికపడింది. రాజేష్ ఇంకా స్తంభం దగ్గరే ఉన్నాడు.

"మళ్లీ అయితే గూడా ఆడనే ఆపుతావా?" అని అడిగాడు.

"ఆడనే ఆపుతా."

అతను లేచి, "పిల్లలకు మేత కోసుకొస్తా. అన్నం తీసి పెట్టు, వచ్చి తింటా" అన్నాడు.



నెల తిరిగింది. బాలయ్య మోటారు దించాడు, మిరప నారు పోశాడు. మాటకు ఉదారుడే, పొట్టేలు పిల్లలకు తాగునీళ్లు తన తొట్టిలోనే తాపుకోమన్నాడు. పిల్లల్లో ఒకటి రోగమొచ్చి చచ్చింది. మిగిలిన ఇరవై ఒక్కటీ ఒళ్లు చేస్తున్నాయి. మూడెకరాలూ మూడెకరాలుగానే ఉన్నాయి.

ఒక రోజు పొద్దున్నే సుబ్బులు వచ్చింది. ఊరికి పడమర రెండెకరాలున్న ఒంటరి మనిషి. మొగుడు పోయాక తనే సేద్యం చేసుకుంటోంది. బాలయ్య నీళ్లు చూశాక ఆమెకూ బోరు వేయాలని పుట్టింది. అనుభవం ఉన్న మనిషని కాశయ్యను అడగడానికి వచ్చింది. ఎవరి లారీ మంచిది, కేసింగ్ ఎంత పట్టుద్ది, ఇట్లాంటివి అడిగింది. కాశయ్య ఓపికగా చెప్పాడు. చివరికి ఆమె అసలు సంగతి అడిగింది.

"ఎంత లోతు దాకా పోవాలన్నా?"

కాశయ్య గాబు దగ్గర తొట్టి కడుగుతున్న కోడలి వైపు చూశాడు.

"ఆరు బోర్లు వేసినాను సుబ్బులూ. ఆరింటికీ తడి వచ్చింది. ఆరింటి కాడా జనం దించమన్నారు, నేను దించినా. ఆపమనే మాట ఒక్కసారి గూడా నా నోట్లోంచి రాలేదు. ఆ పొద్దు ఈ బిడ్డ చేతులెత్తి ఆపింది. అంతమంది మొగోళ్ల నడుమ. అది చూసి నాకు నోరు పెగల్లేదు. వారం పది రోజులు ఈ బిడ్డ ముఖం చూసి మాట్లాడలేకపోయినా."

సునీత చేతిలో చీపురు ఆగిపోయింది. తల తిప్పలేదు.

"బాలయ్యకు నీళ్లు పడినాయి గదన్నా, మూడు రాడ్లకే" అంది సుబ్బులు, మెల్లగా.

"పడినాయి. వాని అదృష్టం, బాగుండనీ. బోరు ఎట్ల వేయాల్నో నన్నడుగు. ఎక్కడ ఆపాల్నో మాత్రం మా కోడల్ని అడుగు. ఈ చుట్టుపక్కల ఆ సంగతి తెలిసిన మనిషి ఆమె ఒక్కతే."

మా కోడలు అన్న మాటను ఆయన కాస్త ఎత్తి పలికాడు. ఏడెకరాలు ఉన్న రోజుల్లో ఆయన గొంతు అట్లా ఉండేదని ఊళ్లో పెద్దవాళ్లు చెప్పగా సునీత వింది. తను వినడం అదే మొదలు.

ఆమె చేతులు కడుక్కుని వచ్చి, సుబ్బులు పక్కన అరుగు మీద కూర్చుంది. కళ్లలో తడి ఉంది. వీపు మాత్రం నిటారుగా ఉంది.

"బోరు నాడు నువ్వొచ్చి నా పక్కన నిలబడాల కోడలా" అంది సుబ్బులు. "నాకు జనం మాట కాదనే ధైర్యం లేదు."

"వస్తా అత్తా. కానీ ఎక్కడ ఆపాల్నో చెప్పేది నేను కాదు, నువ్వే. ఆడ గాదు, ఈడనే చెప్పాల, ఇప్పుడే. నువ్వు చెప్పిన కాడ ఆపించే పని నాది."

"నాకేం తెలుసమ్మా?"

"నీళ్లు పడకపోతే మర్నాడు పొద్దున లేచి ఏం చేస్తావు? ఏం అమ్మకుండా, ఎవరి కాడా చెయ్యి చాపకుండా? అది చెప్పు చాలు."

సుబ్బులు ఆ ప్రశ్న ఎప్పుడూ వేసుకోలేదు. ఆమెనెవరూ అడగనూ లేదు. కాళ్లు పైకి పెట్టుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచనలో పడింది. రాజేష్ పొట్టేలు పిల్లల్ని వదిలాడు. అవి అరుగు ముందు నుంచి బిలబిలమంటూ పోయాయి. కాశయ్య కర్ర పట్టుకుని లేచాడు గానీ వాటి వెంట పోలేదు, జవాబు వినాలని గుంజకు ఆనుకుని నిలబడ్డాడు.

చివరికి సుబ్బులు తల ఎత్తింది.

"పద్దెనిమిది" అంది. "పద్దెనిమిది రాడ్లు."

"పంతొమ్మిదోది ఎవరు దించమన్నా?"

"ఎవరు చెప్పినా ఆపాల్సిందే."

"సరే అత్తా" అంది సునీత. "ఏ రోజు వేయిస్తావో కబురు చెయ్యి, వస్తా."